చిన్నపిల్లలతో కారులో సొంతూరికి వెళ్తున్నారా? మ్యాప్ చూపించే టైమ్‌ను నమ్మొద్దు.. బయల్దేరే ముందు ఇవి చూసుకోండి!

సంక్రాంతి, దసరా, వేసవి సెలవులు.. ఏది వచ్చినా హైదరాబాద్ నుంచి కార్లు బారులు తీరుతాయి. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కిక్కిరిసిన వాహనాల దృశ్యాలు ప్రతి సంక్రాంతికీ టీవీల్లో కనిపిస్తూనే ఉంటాయి. ఆ కార్లలో చాలావాటిలో వెనక సీట్లో ఓ మూడేళ్ల పాప, అమ్మ ఒళ్లో ఓ చంటి బిడ్డ ఉంటారు. చౌటుప్పల్ రాకముందే "ఇంకా ఎంతసేపు?" అనే ప్రశ్న మొదలవుతుంది. నకిరేకల్ దగ్గర వాంతి, సూర్యాపేట దగ్గర ఏడుపు, కోదాడ వచ్చేసరికి అమ్మానాన్నల మధ్య గొడవ! ఇది చాలా ఇళ్లలో ఏటా జరిగే తంతే.

అయితే ఈ ఇబ్బందుల్లో ఎక్కువ శాతం ముందే తప్పించుకోవచ్చు. కొన్ని విషయాల్లో తేడా వస్తే మాత్రం అది ఇబ్బందితో ఆగదు, ప్రాణాల మీదకు వస్తుంది. రెండింటికీ మూలం చాలాసార్లు ఒక్కటే.. పెద్దవాళ్ల తొందర. పిల్లలు కారులో ఉన్నప్పుడు ప్రయాణం వాళ్ల గడియారం ప్రకారం నడవాలి తప్ప, ఫోన్‌లోని మ్యాప్ ప్రకారం కాదు. ఆ ఒక్క మార్పుతో ఏమేం మారతాయో చూద్దాం.

మ్యాప్ టైమ్ వేరు.. పిల్లల టైమ్ వేరు

హైదరాబాద్ నుంచి విశాఖపట్నం సుమారు 620 కిలోమీటర్లు. విజయవాడ వరకు 65వ నంబరు జాతీయ రహదారి, అక్కడి నుంచి 16వ నంబరు జాతీయ రహదారి. సగటున గంటకు 60 కిలోమీటర్లు వేసుకున్నా డ్రైవింగ్‌కే 10 గంటలు దాటుతుంది. ఇది ట్రాఫిక్ లేని రోజు లెక్క.

ఇప్పుడు పిల్లల లెక్క కలపండి. ప్రతి రెండు గంటలకు ఒకసారి 20 నిమిషాలు ఆగాలి. అలా ఐదుసార్లు ఆగితే 100 నిమిషాలు. రెండు పూటల భోజనానికి 45 నిమిషాల చొప్పున మరో గంటన్నర. అంటే మొత్తం కలిపి పదమూడున్నర గంటలు. మధ్యలో డైపర్లు, వాంతులు, పెట్రోలు, టోల్ దగ్గర క్యూలు అదనం. పండగ రోజుల్లో అయితే చెప్పక్కర్లేదు.

మరి ఆ రెండు గంటల బ్రేక్ అంత అవసరమా? అవసరమే. చంటిపిల్లలను కారు సీట్లో వంగిన భంగిమలో ఎక్కువసేపు ఉంచితే ఊపిరి తీసుకోవడం ఇబ్బంది అవుతుంది. అందుకే రెండు గంటలకు మించి ఏకధాటిగా ఉంచొద్దని పిల్లల వైద్యులు చెబుతుంటారు. నెల కూడా నిండని పసికందులకైతే ఆ సమయం ఇంకా తక్కువ. డ్రైవింగ్ చేసేవారికి కూడా దాదాపు అంతే వ్యవధిలో విశ్రాంతి కావాలి. ఒకే బ్రేక్ ఇద్దరికీ సరిపోతుంది.

కాబట్టి ఐదేళ్లలోపు పిల్లలుంటే 600 కిలోమీటర్ల ప్రయాణాన్ని వీలైతే రెండు రోజులు చేసుకోవడం మంచిది. మొదటి రోజు విజయవాడ, లేదంటే ఏలూరు వరకు వెళ్లి, బంధువుల ఇంట్లోనో, లాడ్జిలోనో రాత్రి పడుకుని పొద్దున్నే బయల్దేరొచ్చు. ఒక రాత్రి రూమ్ అద్దె ఖర్చే. కానీ పండగ పూట జ్వరంతో నీరసించిన పిల్లలతో ఊళ్లో దిగడం కంటే అది చాలా నయం.

ఇంకో చిన్న విషయం. ఊళ్లో అమ్మమ్మ, తాతయ్యలు ప్రేమతో గంటకోసారి ఫోన్ చేసి "ఎక్కడిదాకా వచ్చారు?" అని అడుగుతుంటారు. ఆ ఫోన్ వచ్చిన ప్రతిసారీ డ్రైవింగ్ సీట్లో ఉన్నవారి కాలు యాక్సిలరేటర్ మీద ఇంకాస్త బరువెక్కుతుంది. "భోజనానికి వస్తాం" అని మాట ఇవ్వకుండా "రాత్రికి వస్తాం, ఆగినప్పుడల్లా మేమే ఫోన్ చేస్తాం" అని ముందే చెప్పేస్తే ఆ ఒత్తిడి ఉండదు.

రాత్రి బయల్దేరితే మంచిదేనా?

"రాత్రి బయల్దేరితే పిల్లలు నిద్రపోతారు, ఎండ ఉండదు, ట్రాఫిక్ ఉండదు".. చాలామంది చెప్పే మాట ఇది. పిల్లల సంగతి నిజమే. మరి డ్రైవింగ్ చేసేవారి సంగతి?

ఉదయం 6 గంటలకు నిద్రలేచి, ఆఫీసు చూసుకుని, ఇంటికొచ్చి సామాన్లు సర్ది, రాత్రి 11 గంటలకు హయత్‌నగర్ దాటుతున్నారంటే అప్పటికే 17 గంటలుగా మేల్కొని ఉన్నట్టు. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న వ్యక్తి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న వ్యక్తి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. మన దేశంలో డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు పెట్టే హద్దు 0.03 శాతం మాత్రమే. అంటే చుక్క మందు ముట్టకపోయినా, మందు తాగి బండి నడుపుతున్నట్టే లెక్క. తేడా ఒక్కటే.. బ్రీత్ ఎనలైజర్‌లో నిద్రమత్తు కనిపించదు.

శరీరం సహజంగా నిద్రను కోరుకునే సమయాలు రెండున్నాయి. ఒకటి తెల్లవారుజామున 2 నుంచి 6 గంటల మధ్య. రెండోది మధ్యాహ్నం భోజనం తర్వాత 2 నుంచి 4 గంటల మధ్య. ఈ రెండు వేళల్లో కారు ఎక్కడో ఒకచోట ఆగి ఉండేలా ప్లాన్ చేసుకోవడం ఉత్తమం.

మరి ఏది మంచి టైమ్? రాత్రి 9 గంటలకల్లా పడుకుని, కనీసం ఏడు గంటలు నిద్రపోయి, తెల్లవారుతుండగా 5, 6 గంటల మధ్య బయల్దేరడం. పిల్లలను నిద్రలోనే సీట్లో కూర్చోబెడితే మొదటి రెండు గంటలు వాళ్లూ పడుకుంటారు. సామాన్లు మాత్రం ముందు రోజు సాయంత్రమే కారులో పెట్టేయాలి. జనవరిలో పొగమంచు ఉంటే అది తేలిపోయేదాకా ఆగడమే మేలు. మంచులో హై బీమ్ వేస్తే వెలుతురు మన కళ్లలోకే తిరిగి కొడుతుంది, లో బీమ్ వాడాలి.

ఆవలింతలు ఆగకపోయినా, దాటిన ఊరి పేరు గుర్తు రాకపోయినా, కారు లేన్ గీత దాటి పక్కకు పోతున్నా అవి నిద్ర వస్తోందన్న సంకేతాలు. కిటికీ తీయడం, పాటలు సౌండ్ పెంచి వినడం, ముఖం కడుక్కోవడం.. వీటి ప్రభావం కొన్ని నిమిషాలే. సురక్షితమైన చోట ఆపి, ఒక కాఫీ తాగి, 15-20 నిమిషాలు కునుకు తీయాలి. కాఫీ పనిచేయడానికి కూడా ఇంచుమించు అంతే సమయం పడుతుంది. ఇద్దరికీ డ్రైవింగ్ వస్తే మార్చుకుంటూ నడపాలి. ఇంజిన్ ఆన్‌లో పెట్టి, అద్దాలు మూసి, ఏసీ వేసుకుని అందరూ నిద్రపోవడం మాత్రం వద్దు. విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరే ప్రమాదం ఉంటుంది.

ప్రయాణంలో ఏసీని గంటల తరబడి రీసర్క్యులేషన్‌లోనే ఉంచినా మత్తుగా అనిపిస్తుంది. మూసి ఉన్న కారులో ఐదారుగురు వదిలే గాలితో కార్బన్ డయాక్సైడ్ పెరగడమే కారణం. మధ్యమధ్యలో బయటి గాలి వచ్చే మోడ్‌కు మార్చాలి.

అమ్మ ఒడి మెత్తనిదే.. కానీ బ్రేక్ పడితే?

"నా ఒళ్లో ఉంటే ఏం కాదులే" అనేది మన ఇళ్లలో చాలా బలంగా ఉన్న నమ్మకం. ప్రేమ సంగతి పక్కనపెట్టి, లెక్క చూద్దాం.

కారు 50 కిలోమీటర్ల వేగంతో దేన్నయినా ఢీకొని సెకనులో పదో వంతు సమయంలో ఆగిపోయిందనుకుందాం. ఆ క్షణంలో 10 కిలోల పాపను పట్టుకుని ఆపాలంటే దాదాపు 140 కిలోల బరువును ఆపేంత బలం కావాలి. ఏ తల్లి చేతులకూ, ఏ తండ్రి చేతులకూ అది సాధ్యం కాదు. అదే వేగం నేల మీద పడేటప్పుడు రావాలంటే సుమారు 10 మీటర్ల ఎత్తు, అంటే మూడంతస్తుల మేడ పైనుంచి పడాలి. హైవేపై కార్లు నడిచేది 80, 100 వేగంతో అని మర్చిపోవద్దు. పైగా ఒళ్లో కూర్చోబెట్టుకున్న పెద్దవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే వాళ్ల బరువంతా బిడ్డ మీదే పడుతుంది. ఒకే బెల్టును ఇద్దరికీ కలిపి పెట్టుకున్నా అదే ప్రమాదం.

పిల్లలకు తగిన సీటు వాడితే ప్రమాదాల్లో మరణాలను 60 శాతం వరకు తగ్గించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చట్టం కూడా ఇదే చెబుతోంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్లలోపు పిల్లలకు సీటు బెల్టు గానీ, పిల్లల సీటు గానీ లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా.

ఏ వయసుకు ఏ సీటు?

పుట్టినప్పటి నుంచి కనీసం రెండేళ్ల వరకు: వెనక్కి తిరిగి ఉండే సీటు. పసిపిల్లల తల బరువెక్కువ, మెడ బలం తక్కువ. ముందుకు తిరిగి కూర్చుంటే ఢీకొన్నప్పుడు తల ఒక్కసారిగా ముందుకు విసురుకుంటుంది. వెనక్కి తిరిగి ఉంటే ఆ దెబ్బను వీపు, మెడ, తల మూడింటికీ కలిపి సీటే కాస్తుంది.

రెండేళ్ల తర్వాత: ముందుకు తిరిగి, సొంత బెల్టులు ఉండే సీటు. సీటు మీద రాసి ఉన్న బరువు, ఎత్తు దాటేవరకు ఇదే వాడాలి.

ఆ తర్వాత: బూస్టర్ సీటు. ఇది పిల్లలను కాస్త ఎత్తులో కూర్చోబెట్టి, కారు బెల్టు సరైన చోట పడేలా చేస్తుంది. బెల్టు మెడ మీదా, పొట్ట మీదా కాకుండా భుజం మీదా, తుంటి ఎముకల మీదా పడాలి. సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా బూస్టర్ అవసరం ఉంటుంది.

ఏ సీటయినా వెనక వరుసలోనే బిగించాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో, వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీటును అస్సలు పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటు కంటే తక్కువ సమయంలో విచ్చుకుంటుంది, ఆ దెబ్బ నేరుగా బిడ్డ తల దగ్గర తగులుతుంది. సరదాగా స్టీరింగ్ పట్టించడానికి పిల్లలను డ్రైవర్ ఒళ్లో కూర్చోబెట్టుకోవడం కూడా ఇందుకే ప్రమాదం. ఇక సన్‌రూఫ్ తెరిచి పిల్లలను నిలబెట్టడం ఈమధ్య బాగా ఎక్కువైంది. ఒక్క సడన్ బ్రేక్ చాలు, ఒక వేలాడే తీగ చాలు. వీడియో కోసం కూడా ఆ పని చేయొద్దు.

వెనక డోర్లకు చైల్డ్ లాక్, డ్రైవర్ దగ్గర విండో లాక్.. బయల్దేరే ముందు రెండూ వేశారో లేదో చూసుకోవాలి.

సీట్లో కూర్చోనని ఏడిస్తే?

తప్పకుండా ఏడుస్తారు. ఎప్పుడూ కూర్చోని పిల్లలను ఏకంగా పది గంటల ప్రయాణం రోజే మొదటిసారి కట్టేస్తే ఎవరైనా ఏడుస్తారు. అందుకే రెండు వారాల ముందు నుంచే అలవాటు చేయాలి. కూరగాయలకు వెళ్లినా, గుడికి వెళ్లినా ఆ సీటులోనే తీసుకెళ్లాలి. "అందరూ బెల్టు పెట్టుకున్నాకే కారు కదులుతుంది" అనేది ఇంట్లో తాతయ్య నుంచి పాప దాకా ఒకే రూల్‌గా ఉండాలి. పెద్దవాళ్లు పెట్టుకోకుండా పిల్లలకు చెబితే వినరు.

ఏడుపు మొదలైందని సీటు లోంచి తీసి ఒళ్లోకి తీసుకుంటే, తర్వాత మళ్లీ కూర్చోబెట్టడం కష్టం. ఏడుపు ఆగకపోతే కారు ఆపాలి. ఆకలా, డైపర్ తడిసిందా, బెల్టు ఒరుసుకుంటోందా, ముఖం మీద ఎండ పడుతోందా.. ఒక్కొక్కటీ చూడాలి. మాటలు రాని పిల్లలకు ఏడుపే భాష. మొండితనం అనుకునే ముందు కారణం వెతకాలి.

డ్రైవింగ్ సీట్లో ఉన్నవారు మాత్రం వెనక్కి తిరగకూడదు. 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. పాలసీసా అందించడానికి మూడు సెకన్లు వెనక్కి తిరిగితే, 66 మీటర్ల దూరం చూడకుండా నడిపినట్టే. పిల్లల పక్కన వెనక సీట్లో ఒక పెద్దవారు ఉండటం తప్పనిసరి.

వాంతులు ఎందుకు వస్తాయి? ఏం చేయాలి?

కారు కదులుతోందని లోపలి చెవి మెదడుకు చెబుతుంది. ఫోన్‌లోనో, బొమ్మల పుస్తకంలోనో చూస్తున్న కళ్లు మాత్రం ఏమీ కదలడం లేదని చెబుతాయి. ఈ రెండు కబుర్లు పొంతన కుదరకపోవడంతో కడుపులో తిప్పుతుంది. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లల్లో ఇది ఎక్కువ.

వాంతి లక్షణాలు ముందే తెలుస్తాయి. గలగలా మాట్లాడే పిల్లలు ఒక్కసారిగా మౌనమైపోతారు. ముఖం పాలిపోతుంది, చెమట పడుతుంది, ఆవలింతలు వస్తాయి. అది చూడగానే ఫోన్ తీసేసి, కిటికీ కొంచెం దించి, దూరంగా కనిపించే కొండనో, ముందున్న రోడ్డునో చూడమనాలి. వీలైన చోట కారు ఆపి నాలుగడుగులు వేయించాలి.

ఖాళీ కడుపూ మంచిది కాదు, నిండు కడుపూ మంచిది కాదు. బయల్దేరే గంట ముందు రెండు ఇడ్లీలు చాలు. నూనె ఓడే పూరీలు, మధ్యలో ఆగి బిర్యానీ పెట్టడం, కారులో ఘాటైన పర్ఫ్యూమ్ బిగించడం.. వాంతులకు ఇవి పిలుపుల్లాంటివి. వాంతులు ఆపే మాత్రలు, సిరప్‌లు పెద్దవాళ్లకు వాడేవే సగం చేసి ఇవ్వడం ప్రమాదం. వీటిలో కొన్నింటిని రెండేళ్లలోపు పిల్లలకు అసలు వాడకూడదు. ముందే డాక్టర్‌ను అడిగి, బరువును బట్టి డోసు రాయించుకోవాలి. జ్వరం మందుకు కూడా ఇదే పద్ధతి.

చేతికందే చోట కవర్లు, తడి తుడుపులు, ఒక తువ్వాలు, ఒక జత బట్టలు విడిగా ఒక చిన్న సంచిలో పెట్టుకోవాలి. డిక్కీలో అడుగున ఉన్న సూట్‌కేసులో ఉంటే అవి లేనట్టే.

తిండి, నీళ్లు.. ఏవి పెట్టాలి? ఏవి వద్దు?

ఇంటి నుంచి తీసుకెళ్లడానికి మన వంటల్లోనే మంచివి ఉన్నాయి. ఉదయానికి ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి. మధ్యాహ్నానికి పులిహోర, చపాతీ. చింతపండు పులుపు వల్ల పులిహోర తొందరగా పాడవదు. కొబ్బరి చట్నీ మాత్రం ఎండలో త్వరగా పులిసిపోతుంది, వద్దు. పెరుగన్నం పెట్టాలనుకుంటే పొద్దున్న కలిపినది మొదటి బ్రేక్‌లోనే తినిపించేయాలి. అరటిపండు ఎప్పుడైనా మంచిదే.

ఐదేళ్లలోపు పిల్లలకు కదిలే కారులో వేరుశనగ గుళ్లు, పాప్‌కార్న్, గట్టి చెక్కలు, జంతికలు, గుండ్రటి చాక్లెట్లు ఇవ్వకూడదు. కారు ఒక్క కుదుపు కుదిపితే గింజ గొంతుకు అడ్డం పడొచ్చు. ముందు సీట్లో ఉన్నవారికి ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా. ఏం పెట్టినా కారు ఆపి పెట్టడమే మంచి అలవాటు. ఆరు నెలల్లోపు పసిబిడ్డలకు ఎండాకాలమైనా తల్లిపాలు చాలు, విడిగా నీళ్లు అక్కర్లేదు. తల్లి మాత్రం ఎక్కువ నీళ్లు తాగాలి. పాలు పట్టేటప్పుడు కూడా కారు ఆపాల్సిందే.

వాంతులు, విరేచనాలు అయితే ఓఆర్ఎస్ దగ్గర ఉండాలి. ఇక్కడే చాలామంది పొరపడుతుంటారు. పెట్టెల్లో దొరికే తియ్యటి పండ్ల రుచి పానీయాలు ఓఆర్ఎస్ కావు. వాటిలో చక్కెర ఎక్కువగా ఉండి విరేచనాలను ఇంకా పెంచుతాయి. దీనిపై హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాలపై ఓఆర్ఎస్ అనే పేరు వాడొద్దని ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. కాబట్టి మెడికల్ షాపులో డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ అడగాలి. లీటరు నీళ్లకు అని ఉంటే పూర్తి ప్యాకెట్‌ను పూర్తి లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసుకు కొంచెం చొప్పున అంచనాగా కలిపితే ఉప్పు మోతాదు తేడా వస్తుంది. కలిపిన నీళ్లను 24 గంటల్లో వాడేయాలి.

బిడ్డ ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోయినా, కళ్లు లోపలికి పోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, మగతగా పడి ఉన్నా.. ఊరు ఇంకా ఎంత దూరమని చూడకూడదు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి.

ఎక్కడ ఆగాలి?

రోడ్డు పక్కన చెట్టు కనిపించిందని ఆగడం ప్రమాదం. వేగంగా వచ్చే లారీకి, పరుగెత్తే పిల్లలకు మధ్య ఉండేది ఒక తెల్ల గీతే. పెట్రోల్ బంకులు, హోటళ్లు, టోల్‌ప్లాజాల దగ్గర ఉండే పార్కింగ్ స్థలాల్లోనే ఆగాలి. పెట్రోల్ బంకుల్లో టాయిలెట్, తాగునీరు, టైర్లకు గాలి ఉచితంగా ఇవ్వాలి. పెట్రోల్ పోయించుకోకపోయినా అడగొచ్చు.

కారు ఆగగానే ముందుగా పెద్దవారు దిగి, తర్వాత పిల్లలను రోడ్డు లేని వైపు నుంచి దించాలి. "టాయిలెట్ వస్తోందా?" అని అడగడం కంటే ఆగిన ప్రతిసారీ తీసుకెళ్లడమే నయం. అడిగితే "రావట్లేదు" అంటారు, పది నిమిషాల తర్వాత అర్జెంటు అంటారు! చిన్నవాళ్లకు ఇంట్లో వాడే పాటీ సీటును ఓ కవర్‌లో పెట్టి తెచ్చుకుంటే ఎంతో ఉపయోగం.

ఆగిన 20 నిమిషాలూ టేబుల్ దగ్గర కూర్చోబెట్టకుండా పిల్లలను కాస్త గెంతనివ్వాలి. అలా ఒళ్లు అలిసిన పిల్లలు తర్వాతి గంట హాయిగా కూర్చుంటారు.

ఫోన్ ఇవ్వాలా.. వద్దా?

పూర్తిగా వద్దంటే జరిగే పని కాదు. కానీ ఎప్పుడు ఇవ్వాలన్నది ముఖ్యం. కారెక్కగానే ఇస్తే రెండు గంటల్లో వాంతో, విసుగో మొదలవుతుంది. ఆ తర్వాత ఇవ్వడానికి ఏమీ మిగలదు. అందుకే ఫోన్‌ను చివరి అస్త్రంగా ఉంచుకోవాలి. టోల్ దగ్గర కారు ఆగినప్పుడు, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, చివరి గంటలో ఇవ్వొచ్చు. నెట్ అందని చోట్లుంటాయి కాబట్టి ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

చూసే వీడియోల కంటే వినే కథలు మేలు. కారు స్పీకర్‌లో తెలుగు కథలు, పాటలు పెడితే కళ్లు బయటే ఉంటాయి, కడుపులో తిప్పదు. అమ్మమ్మకు ఫోన్ కలిపి స్పీకర్‌లో కథ చెప్పమన్నా సరే.

రోడ్డే పెద్ద ఆటస్థలం. పసుపు తల ఉన్న మైలురాయి జాతీయ రహదారిది, ఆకుపచ్చ తల ఉన్నది రాష్ట్ర రహదారిది. ఏ రంగు రాయి ముందు కనిపిస్తే వాళ్లకు ఒక మార్కు. నల్ల లారీలు ఎన్ని, ఎర్ర బస్సులు ఎన్ని అని లెక్కపెట్టించొచ్చు. విజయవాడ దాటి వెళ్లేవారికైతే సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, రావులపాలెం దాటాక గౌతమి.. గోదావరి రెండు పాయలూ చూపించొచ్చు. ఇంకా ముందుకెళ్తే అన్నవరం కొండ, ఆకు దొన్నెలో ప్రసాదం. "ఇంకా ఎంతసేపు?" అన్నప్పుడు "నాలుగు గంటలు" అంటే మూడేళ్ల పాపకు అర్థం కాదు. "రెండు నదులు దాటాక" అంటే అర్థమవుతుంది.

ఐదు నిమిషాలే కదా అని కారులో వదిలేయొద్దు

పిల్లలు నిద్రపోతున్నారు, లేపడం ఎందుకని కారులోనే ఉంచి టీకి దిగడం చాలా ప్రమాదకరం. ఎండలో అద్దాలు మూసి ఉన్న కారులో పది నిమిషాల్లోనే ఉష్ణోగ్రత దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది. పిల్లల ఒళ్లు పెద్దవారి కంటే మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. అద్దం కొంచెం దించినా పెద్దగా ఉపయోగం ఉండదు. ఇంజిన్ ఆన్‌లో, తాళం కారులో ఉంచి వెళితే పిల్లలు గేర్ కదిలించే ప్రమాదం, కారు లాక్ పడిపోయే ప్రమాదం కూడా ఉన్నాయి. దిగితే అందరూ దిగాలి. లేదా ఒక పెద్దవారు కారులో ఉండాలి.

ఊరు చేరాక కూడా జాగ్రత్త అవసరం. బంధువుల ఇంటి ముందు ఆగి ఉన్న కారు పిల్లలకు ఆటబొమ్మలా కనిపిస్తుంది. దాగుడుమూతలాడుతూ లోపలికి వెళ్లి డోర్ వేసుకుంటే బయటికి రాలేకపోవచ్చు. కారు లాక్ చేసి, తాళం అందని చోట పెట్టాలి.

బియ్యం బస్తా, ఆవకాయ జాడీ.. ఎక్కడ పెట్టాలి?

వెళ్లేటప్పుడు సూట్‌కేసులు, వచ్చేటప్పుడు బియ్యం బస్తా, కొబ్బరికాయలు, ఆవకాయ జాడీ. ప్రేమతో పెట్టినవి వద్దనలేం. కానీ సడన్ బ్రేక్ పడితే వెనక అద్దం దగ్గర పెట్టిన కొబ్బరికాయ రాయిలా ముందుకు దూసుకొస్తుంది. బరువైనవన్నీ డిక్కీలో అడుగున, వెనక సీటు వీపుకు ఆనించి పెట్టాలి. సీటు ఎత్తు దాటి పేర్చకూడదు. పిల్లల కాళ్ల దగ్గర, పక్కన మెత్తని దిండ్లు, దుప్పట్లు తప్ప ఏమీ ఉండకూడదు.

బయల్దేరేటప్పుడు నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టడం ఎలాగూ ఉంటుంది. ఆ ముందు రోజే టైర్లను కూడా ఒకసారి చూడాలి. గాలి ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. నిండా సామాన్లు, మనుషులు ఉంటే ఎంత ఉండాలో దానిపై విడిగా రాసి ఉంటుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. స్టెప్నీలో గాలి, ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్, వైపర్లు, బ్రేకులు.. అన్నీ ఒకేసారి చూసుకుంటే సరి.

దారిలో కారు ఆగిపోతే..

వీలైనంత ఎడమ అంచుకు తీసి, హజార్డ్ లైట్లు వేయాలి. కారుకు కనీసం 50 మీటర్ల వెనక ఎర్ర త్రికోణం పెట్టాలి. పిల్లలతో సహా అందరూ ఎడమ వైపు నుంచి దిగి, రెయిలింగ్ అవతలికి వెళ్లి నిలబడాలి. ఎండైనా, చీకటైనా ఆగిన కారులో కూర్చోవద్దు. జాతీయ రహదారులపై సాయానికి 1033, అంబులెన్స్‌కు 108, అత్యవసర సాయానికి 112. ఈ మూడు నంబర్లూ ఇద్దరి ఫోన్లలో ఉండాలి. కిలోమీటరు రాయి మీది నంబరు చెబితే వాళ్లు త్వరగా రాగలుగుతారు.

తిరుగు ప్రయాణమే అసలు పరీక్ష

వెళ్లేటప్పుడు ఉన్న ఉత్సాహం వచ్చేటప్పుడు ఉండదు. మూడు రోజుల పండగ అలసట, నిద్రలేమి, పిండివంటలు, మర్నాడు ఆఫీసు, స్కూలు. అయినా ఆదివారం సాయంత్రం దాకా ఉండి, రాత్రంతా నడిపి, సోమవారం పొద్దున్నే ఆఫీసుకు వెళ్లాలనుకునేవారే ఎక్కువ. ముందు చెప్పిన 17 గంటల లెక్క ఇక్కడే ఎక్కువగా నిజమవుతుంది. ఒక్క రోజు సెలవు పెట్టుకుని సోమవారం పగలు బయల్దేరితే రోడ్డూ ఖాళీగా ఉంటుంది, ఒళ్లూ తేలికపడుతుంది. సెలవు దొరకదంటే శనివారం రాత్రి త్వరగా పడుకుని ఆదివారం తెల్లవారుతుండగా బయల్దేరాలి.

అమ్మమ్మ "ఇంకో పూట ఉండండి" అంటుంది. ఉండాలనే ఉంటుంది. కానీ ఆ పూటను రాత్రి డ్రైవింగ్‌తో కొనుక్కోవద్దు. రెండు గంటలు ఆలస్యంగా ఇల్లు చేరిన ప్రయాణం వారం తిరిగేసరికి ఎవరికీ గుర్తుండదు. పిల్లలకు గుర్తుండేది దారిలో చూసిన గోదావరి, తిన్న ప్రసాదం, లెక్కపెట్టిన లారీలే.